లెక్కలోకి రాని సున్నాలు

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అటక మీది పాత పుస్తకాల మూటలో నా కబడ్డీ నోట్‌బుక్ దొరికింది. అట్ట మీద నా చేతిరాతతోనే ‘2015, స్కూల్ టీమ్’ అని ఉంది. లోపల మ్యాచ్‌కో పేజీ. ఒక్కో కూతకు ఒక్కో గుర్తు. కూతకొచ్చినోడు పాయింట్ కొట్టుకుపోతే టిక్కు, మనవాళ్ళకు దొరికిపోతే ఇంటూ, ఊరికే వచ్చి ఊరికే పోతే సున్నా. ఏ పక్కకు వచ్చినాడో తెలియడానికి గుర్తు పక్కన ‘ఎ’ అనో ‘కు’ అనో రాసుకున్నాను.

ఆ పుస్తకం చూపించే నేను ఒక పిల్లాణ్ణి టీమ్‌లోంచి తీయించాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. వాడికి పద్నాలుగు.

అనంతపురం ఆటలంటే ఇప్పుడు చాలామందికి ఆర్డీటీ స్టేడియం గుర్తొస్తుంది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగినప్పుడు టీవీలో ఆ పచ్చిక చూసి, ‘ఇది మీ కరువు జిల్లాయేనా?’ అని ఆఫీసులో అడిగారు. మా ఊరి ఆట వేరే. హైస్కూలు వెనక ట్రాక్టర్ ఎర్రమట్టి పోసి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీస్తే అదే కోర్టు. మోకాళ్ళు చెక్కుకుపోవడం ఆటలో భాగం. 2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక ఆ మట్టికి కూడా ఒక కళ వచ్చింది. పిల్లలందరూ తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరి అయిపోయారు. ‘ఎవర్రా కూతకు పోయేది’ అంటే పది చేతులు లేచేవి. ‘ఎడమ మూల ఎవరు’ అంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు.

ఆ మూలలోకి తనంతట తాను వచ్చినవాడు ఈ పిల్లాడు. తొమ్మిదో తరగతి. సన్నగా ఉండేవాడు, కాళ్ళు మాత్రం పొడుగు. మాట తక్కువ. నేను టౌన్‌లో డిగ్రీ చదువుతూ శని ఆదివారాలు ఊరికి వచ్చేవాణ్ణి. పీఈటీ సారు నాకు కూడా సారే కాబట్టి, ‘స్కోరు రాసిపెట్టుపా’ అంటే సరేనన్నాను. టీవీలో వచ్చే గణాంకాలు చూసి చూసి నాకూ అదే పిచ్చి పట్టి ఉంది. ట్యాకిల్ స్ట్రైక్ రేట్ అనే మాట మా మండలంలో మొదట వాడింది నేనేనేమో.

మండల స్థాయి పోటీలకు ముందు పక్క ఊరి హైస్కూలుతో ఒక మ్యాచ్ పెట్టుకున్నాం. ఆ మ్యాచ్‌లో ఎడమ మూల పిల్లాడు ఏడుసార్లు పట్టుకోవడానికి పోయి ఒక్కసారి నిలిపాడు. ఆరుసార్లు రైడర్ విడిపించుకుపోయాడు. ఆరు పాయింట్లు. మేం నాలుగు పాయింట్లతో ఓడాం. లెక్క ఎంత తేలికగా కుదిరిందో చూడండి. ఆరు పోయాయి, నాలుగుతో ఓడాం, కాబట్టి ఓడించింది వీడే.

సాయంత్రం సారుకు పేజీ చూపించాను. వాడి బదులు పదో తరగతిలో మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకణ్ణి నిలబెడదామన్నాను. సారు పుస్తకం సరిగ్గా చూడలేదు. గ్రౌండ్ వైపు చూస్తూ అన్నాడు: “కూతకు పోయేటోడు ఆర్నెల్లలో తెలుస్తాడు. మూలలో నిలబడేటోణ్ణి మూడేండ్లు చూడల్లప్పా.”

“పోటీలు వచ్చే వారమే కదా సార్,” అన్నాను.

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. మళ్ళీ సోమవారం లిస్టు పోయేటప్పటికి నేను చెప్పిన పేరే ఉంది. కొత్తవాడు మండలంలో మూడు ట్యాకిల్స్ చేశాడు. నా లెక్క నిజమైందని నేను చాలా రోజులు నమ్మాను.

*

ఆ నమ్మకాన్ని కదిపింది కబడ్డీ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. బెంగళూరులో మా ఆఫీసులో క్లయింట్లు అమెరికా వాళ్ళు. వాళ్ళతో మాట కలపడానికి ఆ ఆట చూడటం మొదలుపెట్టి దాంట్లో మునిగిపోయిన కొలీగ్ ఒకతను ఉన్నాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అభిమాని. వాళ్ళకు ఆదివారం రాత్రి అయ్యే మ్యాచ్ మనకు సోమవారం పొద్దున. ఆ రోజు కాఫీ మెషీన్ దగ్గర అతనికి దొరికితే అరగంట పోయినట్టే.

అలా దొరికిన ఒక సోమవారం అతను డిఫెన్సివ్ లైన్ గురించి చెప్పాడు. అవతలి జట్టు గోడలా నిలబడి తమ క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడుకుంటుంది. ఆ గోడను తోసుకుని పోవడం ఈ లైన్ వాళ్ళ పని. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే దాన్ని సాక్ అంటారు. జనానికి తెలిసిన లెక్క అదొక్కటే. ఆ లెక్కను కూడా లీగ్ అధికారికంగా రాయడం మొదలుపెట్టింది 1982లోనే. అసలు సంగతేమిటంటే, మంచి లైన్‌మ్యాన్ చాలాసార్లు ఇద్దరిని తన మీదికి లాక్కుంటాడు. ఇద్దరు వీడితో కుస్తీ పడుతుంటే ఖాళీ అయిన సందులోంచి వెనకున్నవాడు దూసుకుపోయి పడగొడతాడు. పేరు వెనకవాడిది. ఇద్దరిని మోసినవాడి పేరు ఎక్కడా పడదు.

“అందుకే కుర్ర లైన్‌మ్యాన్‌ను మొదటి ఏడాది చూసి తేల్చకూడదు,” అన్నాడతను. కాలేజీలో బలంతో నెగ్గుకొచ్చిన కుర్రాడికి ఇక్కడ ఎదురు నిలబడే ప్రతివాడూ అంతే బలవంతుడు. చేతులు ఎక్కడ వేయాలి, మొదటి అడుగు ఎటు వేయాలి, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉంది, ఇవన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. అతని దేవుడు కామెరాన్ హేవార్డ్. 2011లో మొదటి రౌండ్‌లో తీసుకున్నారు. మొదటి రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆరంభం నుంచి ఆడించలేదు. రెండేళ్ళకూ కలిపి రెండున్నర సాక్‌లు. (ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం రాస్తారు.) 2017లో ఒక్క సీజన్‌లోనే 12. ఆ ఏడాది దేశం మొత్తంలో మేటి జట్టుగా ఎంచిన ఆల్-ప్రో మొదటి వరుసలో పేరు వచ్చింది. 2024లో, ముప్పై ఐదేళ్ళ వయసులో, మళ్ళీ వచ్చింది.

ఇంకో పేరు కూడా చెప్పాడు. 2006లో హ్యూస్టన్ టెక్సన్స్ అందరికంటే ముందు ఎంచుకునే అవకాశాన్ని మారియో విలియమ్స్ అనే లైన్‌మ్యాన్ మీద పెట్టింది. ఊరి జనంలో చాలామంది తమ ఊరి క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్‌నో, పరుగులో మెరుపు లాంటి రెగీ బుష్‌నో కోరుకున్నారు. మొదటి ఏడాది విలియమ్స్‌కు వచ్చినవి నాలుగున్నర సాక్‌లు. ‘చూశారా, చెప్పలేదా’ అన్నవాళ్ళు మరుసటి ఏడాది 14 సాక్‌లు చూశారు.

నేను కాఫీ తాగుతూ వింటున్నాను. చెవిలో మాత్రం ‘మూడేండ్లు చూడల్లప్పా’ అనే మాటే తిరుగుతోంది.

*

కబడ్డీలో మూల ఎందుకు అంత కష్టమో ఇప్పుడైతే నాకు కాస్త చెప్పడం వచ్చు. రైడర్‌కు ముప్పై సెకన్లు ఉంటాయి. ఎప్పుడు దూకాలో, ఏ పక్కకు పోవాలో, అసలు పోవాలో వద్దో అంతా అతని ఇష్టం. కార్నర్‌కు ఇష్టమంటూ ఉండదు. అవతలివాడి అడుగు చూసి, అది నిజం అడుగో దొంగ అడుగో తేల్చుకుని, రెప్పపాటులో చీలమండ దొరకబుచ్చుకోవాలి. ముందు దూకితే పాయింట్ పోతుంది. ఆలస్యమైతే చెయ్యి గాల్లో ఉంటుంది. పైగా పట్టడం ఒకడి పని, పడేయడం ఇంకొకడి పని. కార్నర్ చీలమండ పట్టుకున్న మరుక్షణం పక్కనున్న కవర్ వచ్చి మీద పడకపోతే, ఎంత గట్టి పట్టయినా రైడర్ ఈడ్చుకుంటూ గీత అందుకుంటాడు. అప్పుడు పుస్తకంలో పడే తప్పు పట్టినవాడిది. రానివాడి పేరు ఎక్కడా ఉండదు.

ఇక సున్నాల సంగతి. రైడర్ వచ్చి, ఎడమ మూలలో సందు వెతికి, దొరక్క ఉత్త చేతులతో తిరిగి పోతే దాన్ని ఎంప్టీ రైడ్ అంటారు. ప్రో కబడ్డీలో అట్లా వరుసగా రెండైతే మూడో కూత చావో రేవో. పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. ఆ మూడో కూతలో తెగించి లోపలికి వచ్చినవాణ్ణి కుడి కార్నర్ పట్టేస్తాడు. స్టేడియం ఊగిపోతుంది, పాయింట్ కుడి కార్నర్‌ది. అంతకు ముందు రెండుసార్లు తొందరపడకుండా నిలబడి, ‘ఇటు దారి లేదు’ అనిపించిన ఎడమ కార్నర్‌కు ఏం రాస్తారు? ఏమీ రాయరు. సున్నా.

లీగ్‌లో పెద్ద పేర్లను చూసినా ఇదే. యూపీ యోధా రైట్ కార్నర్ నితేశ్ కుమార్ 2018లో ఒకే సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు చేసిన మొదటి డిఫెండర్ అయ్యాడు. అంతకు ముందు ఏడాది కూడా అదే జట్టులో ఉన్నాడు, అప్పుడు ఎంతమంది చూశారు? ఇరాన్ నుంచి 2015లో యూ ముంబాకు వచ్చిన ఫజల్ అత్రాచలికి 2023 వేలంలో గుజరాత్ 1.60 కోట్లు పెట్టింది. అప్పటికి అతనికి ముప్పై దాటింది. కాళ్ళ వేగం తగ్గే వయసులో ధర పెరిగిందంటే, కొన్నది వేగాన్ని కాదు. కళ్ళను కొన్నారు.

అట్లాగని నేను పెద్ద ఓపికమంతుణ్ణయిపోయానని కాదు. తెలుగు టైటాన్స్ 2021-22 నుంచి వరుసగా మూడు సీజన్లు అట్టడుగున నిలిచింది. 66 మ్యాచ్‌ల్లో 5 గెలుపులు. ఆ మూడేళ్ళలో ‘అందర్నీ పీకేసి కొత్తోళ్ళని తెచ్చుకోండి’ అని ఫోన్ ముందు కూర్చుని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఓడిపోతున్నప్పుడు ఓపిక గురించి వ్యాసం రాయడం కష్టం.

*

నోట్‌బుక్ దొరికిన రాత్రి ఆ పేజీ మళ్ళీ తీశాను. పక్క ఊరి టీమ్ మొత్తం 34 కూతలు వచ్చింది. మొదటి సగంలో 17, రెండో సగంలో 17. అప్పుడు నేను టిక్కులూ ఇంటూలే లెక్కపెట్టాను. ఈసారి ‘ఎ’ అని రాసిన చోటల్లా సున్నాలు కూడా లెక్కపెట్టాను.

మొదటి సగంలో 12 కూతలు ఎడమ పక్కకే వచ్చాయి. సన్న పిల్లాడు కనబడితే అవతలి కెప్టెన్ వదులుతాడా? ఆ 12లో ఆరుసార్లు పాయింట్ పోయింది, ఆరు సున్నాలు. రెండో సగంలో ఎడమకు వచ్చినవి ఐదే. నాలుగు సున్నాలు, ఒక ఇంటూ. ఒక్క టిక్కు కూడా లేదు.

అంటే వాడు పోగొట్టిన ఆరూ మొదటి సగంలోనే పోయాయి. విరామం తర్వాత వాడు దూకడం మానేసి నిలబడ్డాడు. అవతలివాళ్ళు ఆ పక్కకు రావడం మానేశారు. ఒక్క మధ్యాహ్నంలో పిల్లాడు నేర్చుకున్నాడు, ఆ సంగతి నా చేత్తోనే రాసి ఉంది. నేనే రెండు సగాలూ కలిపి ‘7లో 1’ అని కింద గీత గీసి, ఆ గీత కింది అంకెను సారుకు చూపించాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఐదు కూతలు చూసి వాడు గొప్ప కార్నర్ అయ్యుండేవాడని చెప్పడం కూడా అప్పటి నా తప్పు లాంటి తప్పే. ఒక్క మ్యాచ్‌తో అటూ తేలదు, ఇటూ తేలదు. సారు మూడేండ్లు అన్నది అందుకే. వాడు మంచివాడని ఆయన అనలేదు. ఇంకా తెలీదు అన్నాడు. ‘ఇంకా తెలీదు’ అనే మాట ఇరవై ఏళ్ళప్పుడు నాకు చేతగానితనంలా వినిపించింది.

*

సారు దగ్గర నంబర్ తీసుకుని ఫోన్ చేశాను. వాడు కూడా బెంగళూరులోనే ఉన్నాడు, టైల్స్ పని. ఒక ఆదివారం యలహంకలో టీ అంగడి దగ్గర కలిశాం. భుజాలు వెడల్పయ్యాయి, వేళ్ళ సందుల్లో సిమెంటు తెలుపు. మాట మాత్రం అప్పటిలాగే తక్కువ. ఊరి సంగతులు, పెండ్లి సంగతులు అయ్యాక నోట్‌బుక్ బయటికి తీసి, సున్నాల కథంతా చెప్పాను. నా గొంతు కొంచెం వణికిందనుకుంటా.

వాడు పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదంతా రాసింటివా అన్నా నువ్వు,” అని నవ్వాడు. తర్వాత, “నువ్వు తీసుకునింటే గూడా నేను పోయుంటి,” అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాయన మూడెకరాల్లో చీనీ చెట్లు పెట్టినాడు. చీనీ కాపుకు రావాలంటే నాలుగైదేండ్లు ఆగాలి. మొదటి ఏడాది చెట్టును చూసి ఏ రైతూ కొట్టేయడు. వాళ్ళ నాయనా అట్లే ఆగినాడు. ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. ఎండాకాలమంతా అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్ళు పోసినాడు. 2016లో, చెనిక్కాయ పంటను కాపాడటానికి ప్రభుత్వం రెయిన్‌గన్లు తెచ్చిన ఏడాది, వాళ్ళ బోరు పూర్తిగా ఎండిపోయింది. పక్కనే ఇంకొకటి వేశారు, దుమ్మే వచ్చింది. చెట్లు నాలుగో ఏట ఉన్నాయి. ఇంకొక్క ఏడాది ఆగుంటే తొలి కాపు. ఆగడానికి డబ్బులు లేవు. చెట్లు కొట్టి కట్టెలకు అమ్మి, ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కినారు. పిల్లాడు పదో తరగతి పరీక్ష కూడా రాయలేదు.

నేను ఓపికను మనసుకు సంబంధించిన గుణం అనుకుంటూ వచ్చాను. సారుకు ఉంది, నాకు లేదు, అంతే అనుకున్నాను. యలహంక నుంచి బస్సులో తిరిగి వస్తుంటే హేవార్డ్ గుర్తొచ్చాడు. అతను రెండేళ్ళు బెంచీ మీద నిలబడగలిగాడంటే, కోచ్‌ల మంచితనం ఒక్కటే కాదు. 2011 నుంచి ఆ లీగ్‌లో మొదటి రౌండ్ ఆటగాడికి నాలుగేళ్ళ ఒప్పందం, ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకు ఉంది. అంటే ఆగడానికయ్యే ఖర్చు ముందే కట్టేసి ఉంటుంది. మన దగ్గరా అంతే. ఆర్డీటీ అకాడమీ లాంటి చోట పిల్లల్ని హాస్టల్లో ఉంచి, తిండి పెట్టి, ఏండ్ల తరబడి నేర్పుతున్నారంటే ఆ ఓపికకు ఎవరో డబ్బు కడుతున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో, మూడేండ్లు చూడాలనే మాట సారు అనగలడు. ఆ మూడేండ్లు పిల్లాణ్ణి ఊర్లో ఉంచడం సారు చేతిలో లేదు, నా చేతిలో అంతకన్నా లేదు.

అయితే నా తప్పు తప్పు కాదా? బస్సు హెబ్బాళ వంతెన మీద ఆగిపోయినంతసేపూ అదే ఆలోచించాను. అట్లా అనుకుంటే హాయిగా ఉంటుంది. కరువుదే తప్పు, బోరుదే తప్పు, నా నోట్‌బుక్కుది కాదు. కానీ టీ అంగడి దగ్గర లేచి పోయేముందు వాడు ఇంకో మాట అన్నాడు. పుస్తకం నా చేతికిస్తూ, ఆ రెండో సగం వరసలో సున్నాల మీద వేలు పెట్టి చూపించాడు.

“ఆ పొద్దు మనకు తెలిసిపోయిండ్య అన్నా, యాడ నిలబడల్లో. మండలంలో ఇంగొక్క ఆట ఆడింటే బాగుండు అనుకుంటి. అంతే.”

మూడేండ్లు ఇవ్వడం నా వల్ల అయ్యేది కాదు. ఒక్క ఆట ఇవ్వడం అయ్యేది. వచ్చే వారమే పోటీలు కదా సార్ అన్నది నేనే.

ఈ మధ్య ఊరికి పోయినప్పుడు స్కూల్ పిల్లల ఆట ఉంటే స్కోరు రాస్తున్నాను. సారు రిటైరయ్యారు, కొత్త పీఈటీ మేడమ్ ఉన్నారు. ఎవరి పేరు కిందా గీత గీసి మొత్తం వేయడం లేదు. మొదటి సగం వేరే పేజీ, రెండో సగం వేరే పేజీ. మేడమ్ అడిగితే రెండు పేజీలూ ఇస్తాను. ఈసారి ఎడమ మూలలో ఒక ఎనిమిదో తరగతి పాప నిలబడుతోంది. మొన్నటి మ్యాచ్‌లో ఐదు పాయింట్లు పోగొట్టింది.

“ఎట్లుంది సార్ ఈ పాప?” అని అడిగారు మేడమ్.

“ఇంకా తెలీదు మేడమ్,” అన్నాను.